పట్నానికి చుట్టుపక్కల: వికారాబాద్, తాండూరు జనం - సర్కారు సేవలు

రంగారెడ్డి ధనిక జిల్లా. ఈ మాట వింటూ పెరిగినవాళ్లం మేము. తలసరి ఆదాయం లెక్క తీస్తే రంగారెడ్డి పైవరసలో ఉండేది. ఫ్యాక్టరీలు, సెంట్రల్ యూనివర్సిటీ, 1998లో లేచిన సైబర్ టవర్స్, 2008 నుంచి శంషాబాద్ విమానాశ్రయం, అన్నీ ఆ జిల్లా ఖాతాలోనే పడ్డాయి. అదే జిల్లాకు పడమటి అంచున తాండూరు, బషీరాబాద్, పెద్దేముల్, యాలాల, మర్పల్లి, బంట్వారం మండలాలుండేవి. అక్కడి మాదిగవాడలో, మాలవాడలో, లంబాడ తండాలో పుట్టిన పిల్లగాడు కూడా కాగితం మీద ధనిక జిల్లావాడే. కడుపులో మాత్రం ఆ ధనం ఏనాడూ పడలేదు.

విచిత్రం ఏమంటే, 2006లో ఉపాధి హామీ మొదటి దఫా అమలుకు దేశంలోని వెనుకబడిన జిల్లాలను ఏరినపుడు ఆ జాబితాలో కూడా రంగారెడ్డి ఉంది. ఒకే జిల్లా ఒక కాగితంలో ధనికది, ఇంకో కాగితంలో వెనుకబడినది. రెండూ అబద్ధం కాదు. రెండు వేరువేరు సమాజాలను ఒక గీత లోపల పెట్టి ఒకే పేరు రాసిన్రు, అంతే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాల విభజనతో పడమటి భాగం వికారాబాద్ జిల్లా అయింది. అప్పుడుగానీ ఆ భాగం అసలు మొఖం లెక్కల్లో కనబడలేదు. ఆ మొఖాన్ని దళితుల వైపు నుంచి చూసి, సర్కారు సేవలు ఎవరి గడపదాకా వస్తున్నాయో, ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయో చెప్పే ప్రయత్నం ఇది.

మొదట జిల్లా సంగతి. జిల్లా అనేది నేలతో పుట్టదు, పాలించేవాళ్ల అవసరంతో పుడుతుంది. నిజాం కాలంలో హైదరాబాదు చుట్టూ ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా. అంటే పట్నం చుట్టుపక్కల అని అర్థం. దాని ఆదాయం ప్రజల ఖజానాకు పోదు, నిజాం సొంత ఖర్చులకు పోతుంది. ఆ పక్కన పాయిగా అమీర్ల జాగీర్లు. వికారాబాద్ పేరే పాయిగా అమీరు వికార్-ఉల్-ఉమ్రాది. ఆయన 1893 నుంచి 1901 దాకా రాజ్యానికి దివాను. ఊళ్లకు దొరల పేర్లు మిగిలినయి, ఆ ఊళ్లల్ల బేగారు చేసినవాళ్ల పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది, అదే ఏడు జాగీర్లు రద్దయినయి. పట్నం చుట్టుపక్కల ఊళ్లు హైదరాబాదు జిల్లా అయినయి. తాండూరు, కొడంగల్ తాలూకాలు అప్పటికి గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజనప్పుడు ఆ రెంటినీ గుల్బర్గా నుంచి తీసి, తాండూరును హైదరాబాదు జిల్లాకు, కొడంగల్‌ను మహబూబ్‌నగర్‌కు ఇచ్చిన్రు. అరవై ఏళ్ల తర్వాత వికారాబాద్ జిల్లాలో అవి మళ్లీ కలిసినయి. తాండూరు బజారులో ఇవాళ్టికీ తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ నాలుగూ వినబడటానికి కారణం ఇదే.

1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాను విడగొట్టి, పట్నం పోను మిగిలిన భాగాన్ని కొత్త జిల్లా చేసిన్రు. దానికి కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టిన్రు. జిల్లా అయితే పెట్టిన్రు కానీ కలెక్టరాఫీసు మాత్రం జిల్లాలో లేదు. హైదరాబాదు నడిబొడ్డున లక్డీకాపూల్‌లో ఉంది. బషీరాబాద్ మండలంలో కర్నాటక సరిహద్దు ఊరి కూలిమనిషి తన పట్టా గురించి కలెక్టరుకు దరఖాస్తు ఇయ్యాలంటే నూరు కిలోమీటర్లకు పైగా పోవాలి. రెండు కూళ్లు పోతయి, బస్సు కిరాయి పోతది, సారు లేడంటే ఇంకో వారం. ఇట్ల ముప్ఫై ఎనిమిదేళ్లు గడిచినయి. భూస్వామికి ఈ దూరం దూరం కాదు. ఆయన బిడ్డలు పట్నంలనే ఉంటరు, ఆయనకు వకీలు ఉంటడు, ఆఫీసులో తెలిసినోళ్లుంటరు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం భూగోళశాస్త్రం పని. మన వాడలకు దాన్ని కూలి దినాల్లో కొలవాలి.

2016 తర్వాత కలెక్టరేటు వికారాబాద్‌కు వచ్చింది. కొత్త భవనాలను 2022 ఆగస్టు 16న అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఇది చిన్న విషయం కాదు. సోమవారం ప్రజావాణి రోజున చేతుల్లో ప్లాస్టిక్ సంచీ, అందులో పాత పాస్‌బుక్కు పట్టుకుని కూర్చున్న ముసలివాళ్లను చూస్తే ఆఫీసు దగ్గరికి రావడం అంటే ఏమిటో అర్థమవుతుంది. అయితే ఆఫీసు దగ్గరైంది కానీ ఫైలు దగ్గరైందా అన్నది వేరే ప్రశ్న. దానికి భూమి దగ్గరికి పోవాలి.

సగటు వెనుక దాగినవాళ్లు

అంతకు ముందు జనం లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రంగారెడ్డి జనాభా 52,96,741. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్ద జిల్లా. అందులో పట్నవాసులు నూటికి డెబ్భై మంది. అక్షరాస్యత 75.87 శాతం. బడి పంతుళ్లు, పోటీ పరీక్షల పిల్లలు ఈ అంకెలను కంఠతా పట్టేవారు. అవే లెక్కలను ఇప్పటి వికారాబాద్ జిల్లా గీతల ప్రకారం తిరగేస్తే జనాభా 9,27,140, పట్నవాసం పదమూడు శాతం చిల్లర, అక్షరాస్యత 57.91 శాతం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలు ఈ అంకెను కొంత కిందికి లాగి ఉంటయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా మిగిలింది తక్కువ తేడా కాదు. కూకట్‌పల్లి, ఉప్పల్, శేరిలింగంపల్లి చదువు బంట్వారం నిరక్షరాస్యతను ఇన్నేళ్లు కప్పిపెట్టింది.

సగటుతో వచ్చే ప్రమాదం ఇదే. సగటు చూసి నిధులు ఇస్తరు, సగటు చూసి టీచర్ పోస్టులు కేటాయిస్తరు. పట్నం దగ్గరి మండలాలకు బదిలీ కోసం ఉద్యోగులు క్యూ కడతరు, జిల్లా ఒకటే కాబట్టి సీనియారిటీ ఉన్నవాళ్లు అటు పోతరు. మారుమూల బడిలో పోస్టు కాగితం మీద ఉంటది, పంతులు ఉండడు. కొత్త జిల్లా అయ్యాక వికారాబాద్‌ను మొదట జోగులాంబ జోన్‌లో వేసిన్రు, దాని మీద ఆందోళనలు జరిగినయి, 2021లో చార్మినార్ జోన్‌లోకి మార్చిన్రు. చదువుకున్న పిల్లలకు అది గెలుపే, పట్నం కొలువుల్లో పోటీ పడే హక్కు మిగిలింది. కానీ పట్నంలో ఉండి కోచింగు తీసుకునే స్తోమత ఉన్న పిల్లలతో తండా పిల్లగాడు అదే జోన్‌లో పోటీ పడాలె. జోన్ కూడా ఒక సగటే.

ఈ జిల్లాలో షెడ్యూల్డు కులాలు దాదాపు ఐదో వంతు, షెడ్యూల్డు తెగలు దాదాపు పదో వంతు. తెలంగాణ మొత్తం మీద ఎస్సీలు 2011లో 15.45 శాతం కాగా ఇక్కడ అంతకు ఎక్కువే. తెగల్లో ఎక్కువమంది లంబాడాలు. తెలంగాణ దళితుల్లో మాదిగలు ఎక్కువ, ఈ ప్రాంతమూ అంతే. మాదిగ ఉపకులాలు, డక్కలి, బైండ్ల వంటి ఆశ్రిత కులాల సంగతి ఎవరూ విడిగా రాయరు. ఉపవర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తర్వాత తెలంగాణ చట్టం చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి తెచ్చింది. పదిహేను శాతం రిజర్వేషన్‌ను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచిన్రు. 1994లో మొదలైన దండోరా ఉద్యమానికి ముప్ఫై ఏళ్ల తర్వాత దొరికిన ఫలితం ఇది. మాల మాదిగల నడుమ మాటల యుద్ధం ఇంకా ఆగలేదు, ఆ చర్చ ఇంకో వ్యాసం పని. ఒకటి మాత్రం ఇక్కడే చెప్పాలి. పంచుకోవడానికి సర్కారు కొలువు అంటూ ఉండాలి గదా! తాండూరు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఆ కొలువులు ఎన్ని ఉన్నాయో ముందుకు పోతే తెలుస్తది.

భూమి కాగితం, భూమి ధర

పాత ఊరి కొలువుల్లో నీరడి, సేత్‌సింధీ, మస్కూరి పనులు మన కులాల నెత్తిన ఉండేవి. చెరువు తూము విప్పాలె, శిస్తు వసూలుకు దండోరా వేయాలె, తాసీల్దారు వస్తే మూట మోయాలె. బదులుగా కాసింత ఇనాం చెలక. ఊరికి, రాజ్యానికి మధ్య మొదటి 'సర్కారు సేవకుడు' మాల మాదిగ మనిషే. ఆ పనే పేరు మార్చుకుని గ్రామ సేవకుడు, తర్వాత వీఆర్ఏ అయింది. 2020లో వీఆర్వో వ్యవస్థ పోయింది. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దిన్రు, అర్హులకు జీతం స్కేలు దొరికింది, అది మంచిదే. కానీ ఏ సర్వే నంబరు ఎక్కడుందో, ఏ చెలక ఎవరు దున్నుతున్నరో నోటి మీద చెప్పగల మనిషి ఊరి రికార్డు నుంచి పక్కకు పోయిండు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారుల పేరిట మళ్లీ నియామక పత్రాలు ఇచ్చిన్రు. ఐదేళ్లు ఊరికి రెవెన్యూ మనిషి లేకుండా నడిచింది. ఆ ఐదేళ్లలోనే ధరణి వచ్చింది.

ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. దానిలో పట్టాదారు పేరు ఉంటది, కాస్తు కాలమ్ ఉండదు. పాత పహాణీలో ఎవరు దున్నుతున్నరో రాసే కాలమ్ ఉండేది. దళితుల భూమి తగాదాలు చాలావరకు ఆ కాలమ్ మీద నిలబడినయి. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుగా పేరెక్కిన తాత, 38-ఇ సర్టిఫికెట్టు, లావోణి పట్టా, సేవ ఇనాం, వీటిలో ఏది ఉన్నా పట్టాదారు గడిలో పేరు లేకపోతే కంప్యూటరుకు ఆ మనిషి లేనట్టే. పేరులో ఒక అక్షరం తప్పు పడ్డా దిద్దే అధికారం తాసీల్దారుకు లేకుండా చేసిన్రు. అసైన్డ్ భూమిని నిషేధిత జాబితాలో పెట్టిన్రు. ఆ జాబితా ఒకరకంగా రక్షణే. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది పేదవాడి చేతిలోంచి భూమి జారిపోకూడదనే. కానీ పేదవాడు దాని మీద బ్యాంకు అప్పు అడిగితే నిషేధం గుర్తొస్తది. సర్కారు ఆ భూమిని పరిశ్రమకు తిరిగి తీసుకునేటపుడు గుర్తురాదు. భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైంది. అప్పీలుకు దారులు తెరిచింది, అనుభవదారు వివరం మళ్లీ రికార్డులోకి వస్తదన్నరు. కార్యకర్తలు వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. 2014కు ముందరి పహాణీ నకళ్లు, లావోణి పట్టా జిరాక్సులు, శిస్తు రశీదులు ఏవి దొరికితే అవి వాడవారీగా కూడబెట్టాలి. కాగితం లేనిదే వకీలు కూడా ఏం చేయలేడు.

భూమి కాగితం సేవలన్నిటికీ తాళంచెవి అయిపోయింది. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే. కంది చేను కౌలుకు దున్నే మాదిగ రైతుకు అందులో పైసా రాలేదు. పంట ఆయనది, సాయం భూమి యజమానిది. 2025 జనవరి 26న రైతు భరోసాతోపాటు భూమి లేని కూలి కుటుంబాలకు ఏడాదికి పన్నెండు వేలు ఇచ్చే పథకం మొదలుపెట్టిన్రు. కూలివాడిని సర్కారు సాయానికి అర్హుడిగా గుర్తించిన మాట నిజం. కౌలుదారు మాత్రం రెంటికీ మధ్యలోనే ఉండిపోయిండు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లరేగడి కింద నాపరాయి ఉండటం వల్ల ఈ కందికి ఆ రుచి అంటరు. పత్రికలన్నీ రాసినయి. కంది కోసే చేతుల గురించి, ఆ చేతులు ఎవరి చేనులో కోస్తున్నయో ఎవరూ రాయలేదు.

పట్నం పెరిగేకొద్దీ భూమి ధర పడమటికి పాకుతూ వచ్చింది. ఔటర్ రింగురోడ్డు, దాని అవతల ప్రతిపాదిత రీజినల్ రింగురోడ్డు, ఫాంహౌసులు, రిసార్టులు. చుట్టుపక్కల జిల్లా అంటే పట్నం తన ఇరుకును దించుకునే జాగా అన్నట్టు చూస్తరు. పూడూరు మండలం దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నౌకాదళం రాడార్ కేంద్రానికి ఇచ్చిన్రు, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రం లేని జిల్లాకు నౌకాదళం వచ్చిందని జనం నవ్వుకున్నరు, అడవిలో పశువులు మేపుకునేవాళ్లకు నవ్వు రాలేదు. సరిగ్గా నెల తిరక్కముందే, నవంబరు 11న, దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా పరిశ్రమల భూసేకరణ మీద అభిప్రాయ సేకరణ రోజున గొడవ జరిగింది. కలెక్టరు మీద, అధికారుల మీద దాడి జరిగిందని కేసులు పెట్టిన్రు. అర్ధరాత్రి తండాల్లో అరెస్టులు జరిగినయి. జైలుకు పోయినవాళ్లలో ఎక్కువమంది లంబాడాలు. డిసెంబరులో ఒక ఖైదీని జైలు నుంచి బేడీలతో దవాఖానకు తీసుకుపోయిన్రని రాష్ట్రమంతా చర్చ అయింది. నవంబరు చివర్లో సర్కారు ఫార్మా నోటిఫికేషను వెనక్కి తీసుకుని, కొద్ది రోజులకే అదే ప్రాంతంలో పారిశ్రామిక పార్కు పేరిట మళ్లీ ప్రక్రియ మొదలుపెట్టింది.

అధికారిని కొట్టడాన్ని మేము సమర్థించడం లేదు. కానీ ఒకటి అడగాలి. ఆ తండాలకు కలెక్టరు స్థాయి అధికారి అంతకుముందు ఎన్నిసార్లు వచ్చిండు? బడి కోసం, నీళ్ల కోసం, రోడ్డు కోసం రాని రాజ్యం భూమి కోసం కార్ల వరసతో వస్తే జనం దాన్ని సేవ అనుకోరు గదా.

రాయి, దుమ్ము, దవాఖాన

తాండూరు పేరు చెబితే బండ గుర్తొస్తది. హైదరాబాదు పాత ఇళ్లల్లో, బడుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పరిచిన నీలి, పసుపు నాపరాళ్లు ఇక్కడివి, పక్కనున్న షాబాద్‌వి. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయిని గని నుంచి పలకలుగా లేపి, యూనిట్లలో కోసి, పాలిష్ పట్టి లారీలకెక్కిస్తరు. గనిలో దిగేది లంబాడాలు, దళితులు, కర్నాటక నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కూలీలు. గని లీజు, యూనిట్ యాజమాన్యం, లారీలు ఏ కులాల చేతుల్లో ఉన్నయో తాండూరులో పుట్టిన ఎవరినడిగినా చెబుతరు.

దుమ్ము సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సున్నపురాయిలో సిలికా పాలు గ్రానైటు కన్నా తక్కువ, పొరను బట్టి మారుతది. అందుకని ప్రమాదం లేదనడం తప్పు. ఏళ్ల తరబడి కోత యంత్రం దగ్గర నిలబడితే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే కూడుకుంటది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గుడు. ఎక్స్‌రేలో చూస్తే క్షయలాగే అనిపిస్తది. దేశమంతటా రాతి కూలీల విషయంలో జరిగే పొరపాటు ఇదే. దుమ్ము జబ్బుకు క్షయ మందులు వాడిస్తరు, నిజంగా క్షయ తోడైనా దుమ్ము కారణం రికార్డులోకి ఎక్కదు. సిలికోసిస్ చట్టప్రకారం నోటిఫై అయిన వృత్తి వ్యాధి. అంటే గుర్తించిన డాక్టరు సర్కారుకు తెలియజేయాలి, కార్మికునికి పరిహారం రావాలి. అయితే పరిహారానికి ఆ గనిలో పనిచేసినట్టు రుజువు కావాలి. ముక్కకు ఇంత అని కూలి తీసుకునేవాడికి మస్టర్ ఎక్కడిది? మేస్త్రీ నోటిమాటే హాజరుపట్టీ. ఇట్ల జబ్బు కులం ఖాతాలో, కల్లు ఖాతాలో, 'వాళ్ల అలవాట్ల' ఖాతాలో పడుతుంది. యాజమాన్యం ఖాతాలో పడదు.

ఇదే జిల్లాలో అనంతగిరి గుట్ట మీద నిజాం కాలం నాటి క్షయ దవాఖాన ఉంది. గుట్ట గాలి మంచిదని పట్నం రోగుల కోసం కట్టిన్రు. మూసీ పుట్టేది కూడా ఆ గుట్టల్లోనే. 1908 వరద తర్వాత పట్నాన్ని కాపాడటానికి, పట్నానికి నీళ్లు తాగించడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టిన్రు. గాలి, నీళ్లు, బండ, కంది, కూలి, అన్నీ ఇటు నుంచి అటు పోయినయి. అటు నుంచి ఇటు రావాల్సిన దానిలో వైద్యం ఒకటి. 2023 సెప్టెంబరు 15న వికారాబాద్‌లో సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. తాండూరులో జిల్లా దవాఖాన ఉంది. పురుళ్లు ఇప్పుడు ఎక్కువగా దవాఖానలోనే జరుగుతున్నయి, ఆశా కార్యకర్తల కష్టం అందులో చాలా ఉంది. కానీ గుండె నొప్పి వచ్చినా, తలకు దెబ్బ తగిలినా 'పట్నం తీసుకపోండి' అన్నమాటే వినబడుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు చెల్లే పెద్ద దవాఖానలు ఎక్కువగా పట్నంలోనే ఉన్నయి. కార్డు ఉచితం, దారి ఉచితం కాదు. ఒక మనిషి రోగి పక్కన ఉండాలె, ఆ మనిషి కూలి పోవాలె, పూటకూళ్ల ఖర్చు పెట్టాలె.

మెడికల్ కాలేజీ వచ్చిన జిల్లాలో తాండూరు రాతి కూలీలకు ప్రత్యేక ఊపిరితిత్తుల పరీక్ష శిబిరం ప్రతి మూడు నెలలకు పెట్టడం అసాధ్యం కాదు. 2015 గనుల చట్ట సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గనుల వల్ల నష్టపోయినవాళ్ల ఆరోగ్యం, తాగునీరు, చదువు కోసమే ఆ సొమ్ము. అది ఏ ఊళ్లో ఏ పనికి పోయిందో సమాచార హక్కు కింద అడిగితే కాగితం ఇయ్యాల్సిందే.

సిమెంటు సంగతి కూడా ఇక్కడే. తాండూరు దగ్గర కరన్‌కోటలో కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉంది. ఆ సంస్థకు దేశంలో ఉన్న పది ఫ్యాక్టరీల్లో నడుస్తున్నవి మూడే, అందులో ఇదొకటి. ప్రభుత్వ సంస్థ కాబట్టి రోస్టరు ఉంటది, రిజర్వేషను ఉంటది. పక్కనే ప్రైవేటు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నయి, వాటికి ఏ రోస్టరూ లేదు. ప్రభుత్వ సంస్థలో కూడా పర్మనెంటు పోస్టులు తగ్గి కాంట్రాక్టు పనులు పెరిగితే రిజర్వేషను ఉన్నా లేనట్టే. ఉపవర్గీకరణ ఫలం తినాలంటే చెట్టు ఉండాలన్నది అందుకే.

బడి, బస్సు, చీపురు

చదువు విషయంలో ఈ జిల్లాకు ఒక మంచి చరిత్ర ఉంది. 1991లో శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి ప్రాంతంలో జీతం ఉన్న పిల్లలను విడిపించి బడికి పంపే పని మొదలుపెట్టింది. దొర దగ్గర పశువులు కాసే పిల్లగాడు, ఇంట్లో చెల్లెను ఎత్తుకునే పిల్ల, వీళ్లూ బాల కార్మికులేనని, బడిలో లేని ప్రతి బిడ్డా పనిలో ఉన్నట్టేనని ఆ పని దేశానికి చెప్పింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 'పేదవాడికి పిల్లల కూలి అవసరం' అనే వాదం ఈ ఊళ్లల్లనే ఓడిపోయింది. ఆ ఓడించినవాళ్లు మన తల్లిదండ్రులు. బిడ్డ జీతం పోయినా సరే అని బడికి తోలిన్రు. మా తరం పట్టాలు వాళ్ల మొండితనం మీద నిలబడినయి.

ఆ తర్వాతి మెట్టు దగ్గర పాత రోగమే. గ్రామీణ పిల్లల కోసం పెట్టిన నవోదయ విద్యాలయం ఉమ్మడి రంగారెడ్డికి ఎక్కడొచ్చింది? గోపన్‌పల్లిలో, హైటెక్ సిటీ పక్కన! 2024 డిసెంబరులో కేంద్రం తెలంగాణకు ఏడు కొత్త నవోదయలు మంజూరు చేస్తే అందులో వికారాబాద్ పేరు లేదు. సాంఘిక సంక్షేమ గురుకులాలే మన పిల్లలకు దిక్కు. సీటు రానివాడు ఇంటర్ అయినంక పట్నం బస్సెక్కుతడు.

ఆ బస్సు గురించి రాయక తప్పదు. 2025 నవంబరు 3న, సోమవారం తెల్లవారుజామున తాండూరు నుంచి హైదరాబాదు పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొట్టింది. పందొమ్మిది మంది చనిపోయిన్రు. ఆదివారం ఇంటికి వచ్చి సోమవారం కాలేజీకి, కొలువుకు, దవాఖానకు పోయే బస్సు అది. అప్పా జంక్షను నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి వెడల్పు పని మర్రిచెట్ల కేసుతో ఏళ్ల తరబడి ఆగిందని అందరూ మాట్లాడిన్రు. మర్రిచెట్లు కావాలా మనుషులు కావాలా అని కొందరు అడిగిన్రు. మాకు ఆ ప్రశ్నే తప్పుగా తోస్తుంది. టిప్పర్ల బరువును, వేగాన్ని ఆపాల్సినవాళ్లు ఎవరు? 1874 నుంచి రైలుపట్టాలు ఉన్న ఈ మార్గంలో 2003లో వచ్చిన ఎంఎంటీఎస్ వికారాబాద్ దాకా ఎందుకు రాలేదు? అసలు డిగ్రీ కోసం, స్కానింగు కోసం, చిన్న కొలువు కోసం జిల్లా మొత్తం ఒకే సన్నదారి మీద రోజూ పట్నం పోవాల్సిన గతి ఎవరు తెచ్చిన్రు?

చివరగా చీపురు. సర్కారు సేవ అంటే అందుకునేవాళ్ల గురించే రాస్తరు, అందించే చేతుల గురించి రాయరు. ఊళ్లో మోరీ తీసేది, ట్రాక్టరు మీద చెత్త ఎత్తేది, నల్లా విప్పేది, వీధిదీపం చూసేది గ్రామ పంచాయతీ కార్మికుడు. వికారాబాద్ ఊళ్లల్ల ఈ పనిలో ఎక్కువమంది మాదిగలే. 51వ నంబరు జీవోతో అందరినీ 'మల్టీ పర్పస్' కార్మికులను చేసిన్రు. మోరీ తీసేవాడే ట్రాక్టరు తోలాలె, కరెంటు స్తంభం ఎక్కాలె. జీతం 8,500, 2023లో వెయ్యి పెంచి 9,500 చేసిన్రు. అదీ నెలనెలా వస్తే పండుగే. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు స్పెషలాఫీసర్ల చేతుల్లో ఉన్నయి. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగినయి. ఆ ఆగిన నిధుల భారం ముందుగా పడింది చీపురు పట్టిన మనిషి మీదనే.

మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల సంగతీ ఇదే. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇయ్యాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రాధాన్యం ఎందుకంటే, పిల్లలు కలిసి కూర్చుని మాదిగామె వండిన బువ్వ తింటే అంటరానితనం బడిలోనే విరుగుతుందని. ఏ బడిలో ఎవరు వండుతున్నరో, ఎవరి పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటున్నరో పంతుళ్లకు తెలుసు. జస్టిస్ పున్నయ్య కమిషను తర్వాత ప్రతి నెల చివర వాడల్లో పౌరహక్కుల దినం జరపాలన్న నియమం వచ్చింది. చాలాచోట్ల అది ఒక ఫోటో, ఒక సంతకం. ఆ రోజు ఊరి గుడి దగ్గర, హోటలు దగ్గర, మంగలి దుకాణం దగ్గర ఏం అడిగిన్రు, ఏం రాసుకున్నరు అన్నది రిజిస్టరులో ఉండాలి.

వికారాబాద్ అసెంబ్లీ స్థానం చాలా కాలంగా ఎస్సీలకు రిజర్వు అయింది. అక్కడి ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభకు తొలి దళిత స్పీకరు అయిండు. అదే నెలలో కొడంగల్ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయిండు. ఇంత చిన్న జిల్లా నుంచి రెండు పెద్ద కుర్చీలు రావడం మామూలు సంగతి కాదు. మంజూర్లు కూడా వచ్చినయి, ఇంకా వస్తయి. వచ్చినవి ఏ మండలానికి, ఏ వాడకు, ఏ కులానికి ఎంత అందినయో విడగొట్టి చూపే లెక్క మాత్రం బయట పెట్టలేదు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులసర్వే ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం అని 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన్రు. అది రాష్ట్రం సగటు. వికారాబాద్‌లోని ఇరవై మండలాల అంకెలు, కులవారీగా, భూమి, చదువు, కొలువు గడులతో సహా కావాలని ప్రతి మండలం నుంచి ఒక దరఖాస్తు పెట్టవచ్చు. సోమవారం ప్రజావాణి ఉంటది, కలెక్టరేటు ఇప్పుడు వికారాబాద్‌లనే ఉంది.